నీళ్లు నిలిచే వేళ

మాయాబందర్ సర్కారు బడిలో లీదియా సైన్సు చెబుతుంటే ఎనిమిదో తరగతి పిల్లలు కళ్లు తెరుచుకునే నిద్రపోయేవారు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. తెలిసే, ఎప్పుడూ నల్లబల్ల వైపు తిరిగి నిలబడేది. బల్ల మీద రాస్తున్నంతసేపూ ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు.

విజయనగరం దగ్గర పుట్టి, తెలుగులో చదువుకుని, డెబ్బైల దశకం మొదట్లో భర్త బాలస్వామికి ఈ దీవుల్లో హార్బరు ఆఫీసులో గుమస్తా పని దొరికితే అతని వెంట ఓడెక్కి వచ్చిన మనిషి ఆమె. ఇక్కడి బడి హిందీలో. పాఠాన్ని ఇంటి దగ్గర హిందీలో బట్టీపట్టి, తరగతిలోకి వచ్చి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసేది. మధ్యలో ఆగితే మరిచిపోతానని భయం. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు తెలిసినా హిందీ మాట దొరకదని ఇంకో భయం. అందుకని ప్రశ్నలకు సందు ఇచ్చేది కాదు.

అర్ధసంవత్సరం పరీక్షల్లో తరగతిలో సగానికి పైగా సైన్సు తప్పారు. హెడ్మాస్టరు గణేశ్వరరావు ఆమెను గదిలోకి పిలిచి, కోప్పడలేదు గానీ, వేసవి దాకా చూస్తానని, ఆ తర్వాత ఆమెను ఒకటో తరగతికి మార్చక తప్పదని చెప్పాడు. లీదియా తల వంచుకుని లేవబోతుంటే మళ్లీ కూర్చోమన్నాడు. ఆయన క్వార్టరు తెలుగు క్రైస్తవుల ప్రార్థన షెడ్డుకు ఆనుకుని ఉంది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆదివారం మీరు చిన్నపిల్లలకు కథలు చెబుతారు కదా. మా వరండాలోకి వినిపిస్తుంది. మా ఆవిడ పొయ్యి మీద కూర మాడుతున్నా లేవదు. ఆ కథ చెప్పే మనిషీ, సోమవారం ఎనిమిదో తరగతిలో ఉండే మనిషీ ఒకరేనా అని నా అనుమానం."

ఆ మాట లీదియాను చాలా రోజులు వదల్లేదు. ఆదివారం తను ఏం చేస్తుందో ఎన్నడూ ఆలోచించి చేసింది కాదు. బట్టీ పట్టేది కాదు. కబుర్లాడుతున్న పిల్లవాడి కళ్లలోకి చూస్తూ గొంతు తగ్గించేది. వాడే మాట మానేవాడు. అలను చేత్తో చూపించేది, గాలిని నోటితో ఊదేది. తుఫానులో పడవ మునగబోయే చోట టక్కున ఆపి, మిగతాది వచ్చే ఆదివారం అనేది. పిల్లలు గోలపెట్టేవారు. వచ్చే ఆదివారం ఒక్కడూ మానేవాడు కాదు.

ఒక సోమవారం ఆమె నల్లబల్లకు వీపు పెట్టి నిలబడింది. చేతిలో పుస్తకం లేదు. ఒక కొబ్బరికాయ, ఒక గులకరాయి, నీళ్ల బకెట్టు ఉన్నాయి. రెండిట్లో ఏది తేలుతుంది అని అడగబోయి హిందీలో లింగం తప్పింది. పిల్లలు నవ్వారు. ముందు బెంచీలోని బెంగాలీ పిల్ల ఆ మాటను దిద్దింది. లీదియా దిద్దిన మాటను మళ్లీ అని, తనూ నవ్వింది. ఇన్నాళ్లూ భయపడ్డది ఇంతేనా అనిపించింది. ఆ గంటంతా బజారు హిందీ, ఇంటి తెలుగు కలిపి మాట్లాడింది. ఒక్కరూ కిటికీలోంచి బయటికి చూడలేదు.

అక్కడి నుంచి తరగతి నడక మారిపోయింది. గ్లాసు నీళ్లలో గుడ్డు వేసి ముంచింది. ఉప్పు కలిపేసరికి గుడ్డు పైకి లేస్తుంటే, ఎందుకు లేచింది, రేపు చెబుతాను అని వెళ్లిపోయింది. మర్నాడు గంట కొట్టకముందే పిల్లలు బెంచీల్లో ఉన్నారు. ఆ ఆపడంలో ఒక రుచి ఉందని లీదియాకు తెలిసివచ్చింది. తను చెప్పబోయే మాట కోసం నలభైమంది ఊపిరి బిగబట్టి చూడటం ఆమెకు అంతవరకు తెలియని సుఖం. హెడ్మాస్టరు కూడా అప్పుడప్పుడు వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. ఒకటో తరగతి మాట మళ్లీ ఎత్తలేదు.

అందరికన్నా ఎక్కువగా ఆ ప్రశ్నల్లో కూరుకుపోయిన పిల్ల సీతాలు. జాలరి జోగులు కూతురు. శ్రీకాకుళం తీరం నుంచి ఆ కుటుంబం వచ్చి ఏడాది కాలేదు. అక్కడ సముద్రమంటే తిన్నని ఇసుక, తెరిపిలేని కెరటాలు. ఇక్కడి పగడపు రాళ్ల దిబ్బలు, మడ చెట్ల పాయలు ఆ పిల్లకు ఇంకా కొత్తే. రేపు చెబుతానంటే ఆ పిల్లకు అన్నం సయించదని వాళ్ల నాయనమ్మ ముసలమ్మ సంతలో కనబడ్డప్పుడల్లా లీదియాతో గర్వంగా ఫిర్యాదు చేసేది.

ఆటుపోట్ల పాఠం పున్నమి రోజున పడింది. పడటం కాదు, లీదియానే రెండు పాఠాలు వెనక్కి జరిపి ఆ రోజుకు తెచ్చింది. చివరి గంట. కిటికీలోంచి చూస్తే సముద్రం అప్పటికే దూరంగా జరుగుతోంది. జెట్టీ పక్కన కట్టిన డుంగీలు, అంటే ఇక్కడి జాలర్ల చిన్న ఇంజను పడవలు, ఒక్కొక్కటే బురదలో పక్కకు ఒరుగుతున్నాయి. ఒక కుర్రాణ్ణి భూమి చేసి, ఒక పిల్లను చందమామ చేసి, మధ్యలో తన చీరకొంగును సముద్రంలా పట్టుకుని లాగించింది. చందమామ నీటిని ఎలా లాగుతుందో, పున్నమికీ అమావాస్యకూ ఆ లాగుడు ఎందుకు పెరుగుతుందో చెప్పింది. అందరూ పడవలనే చూస్తున్నారు. ఇంతకన్నా మంచి సమయం రాదనుకుంది.

"ఇవాళ నీళ్లు ఎంత దూరం పోతాయంటే, ఆ దిబ్బ చివరన నల్లరాయి ఉంది చూడండి, దాని పాదాలు కూడా బయటపడతాయి. అక్కడ నిలబడి చూస్తే, నీళ్లు తిరిగి వచ్చే ముందు కాసేపు ఎటూ కదలవు. నిలిచిపోతాయి. సముద్రం ఊపిరి బిగబట్టినట్టు." గొంతు తగ్గించింది. "ఎంతసేపు నిలుస్తాయి? నిలిచాక ఏమవుతుంది?"

అక్కడ ఆగింది. గంట మోగింది. రేపు, అంది.

పిల్లలు ఒక్కసారిగా మూలిగారు. ఆమె నవ్వుకుంటూ కొబ్బరికాయలూ గ్లాసులూ సర్దుకుంటుంటే సీతాలు బల్ల దగ్గరికి వచ్చి, రేపటిదాకా ఆగాలా, ఎల్లి సూత్తే తెలీదా అని అడిగింది. చూస్తే తెలియకేం అని లీదియా తేలిగ్గా అనేసింది. ఆ పిల్ల వెనకాల, అడవి శాఖ కూలీ కొడుకు గవరయ్య నిలబడి ఉన్నాడు. ఆమె వాణ్ణి చూసింది గానీ ఏమీ అనుకోలేదు.

ఈ దీవుల్లో పొద్దు తొందరగా గుంకుతుంది. ఆ సాయంత్రం లీదియా బియ్యం ఏరుతుండగా ముసలమ్మ ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది. సీతాలు ఇంకా బడికాడే ఉందా అని అడిగింది. బడి వదిలి చాలాసేపయిందని చెబుతుండగానే లీదియా చేతిలోని చేట ఒరిగింది. మాట పూర్తి చేయలేదు. చూస్తే తెలియకేం అన్న తన గొంతు తనకే వినిపించింది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. జెట్టీ దగ్గరికి వచ్చేసరికి తూర్పున చంద్రుడు లేస్తున్నాడు, పడమట ఇంకా కొద్దిగా ఎరుపుంది. దూరాన దిబ్బ చివర నల్లరాయి పెద్ద దుంగలా కనబడుతోంది. మధ్యాహ్నం మనుషులు నడిచిపోయేంత పొడిగా ఉన్న దిబ్బ మీద ఇప్పుడు నీళ్లు మెరుస్తున్నాయి. ఒడ్డుకూ దిబ్బకూ మధ్య ఉన్న పాయ నిండిపోయి నది మాదిరిగా పారుతోంది. రాయి మీద రెండు చుక్కలు కదిలాయి. లేదా అలలేమో. ఆమె తేల్చుకోలేకపోయింది.

పాయే ముందు నిండుతుందని ఆమెకు తెలుసు. మర్నాటి పాఠంలో మొదటి మాట అదే. నీళ్లు నిలిచాక ముందు పల్లంలోకి వస్తాయి, దిబ్బ మీద ఉన్నవాళ్లకు ఒడ్డు తెగిపోతుంది, అందుకని పాటు అడుగున, అంటే నీళ్లు పూర్తిగా దిగినప్పుడు, దిబ్బ చివరికి పోకూడదు. ఈ మాటను దాచి పెట్టుకుంది. రేపటి కోసం.

జోగులు అప్పుడే వల ఆరేస్తున్నాడు. అతని డుంగీ ఇంకా సగం బురదలోనే ఉంది. లీదియా రాయి వైపు చెయ్యి చూపించి, పిల్లలిద్దరూ అక్కడున్నారని చెప్పగానే అతను ఎలా తెలుసునని అడగలేదు. ఇద్దరు జాలర్లను కేకేశాడు. నలుగురూ కలిసి పడవను నెట్టారు. బురద వదల్లేదు. లీదియా పాదాలు కూరుకుపోయి గవ్వలు కోసుకుంటున్నా తెలియలేదు. మళ్లీ నెట్టారు. నీరు వచ్చి అడుగును తాకే దాకా ఆ పడవ కదలదు, ఆ నీరు వచ్చేకొద్దీ అక్కడ రాయి మునుగుతుంది. ఆ లెక్క ఆమె బుర్రలో తిరుగుతూ ఉండగా పడవ ఒక్కసారి జారింది. ఆమె కూడా ఎక్కింది. దిగమని జోగులు అనబోయి, వెనకాలే వచ్చిన ముసలమ్మ ఆమె చేతిలో పెట్టిన లాంతరు చూసి ఊరుకున్నాడు.

దగ్గరికి వెళ్తే చుక్కలు కావు, పిల్లలే. రాయి నెత్తి మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. నీళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. పెద్ద అల వచ్చినప్పుడు నడుము దాకా ఎగురుతున్నాయి. నీళ్ల కింద పగడపు రాళ్లు కత్తుల్లా ఉన్నాయి. ఇంజనుతో పోతే పడవ అడుగు చీలిపోతుంది. జోగులు ఇంజను ఆపి పడవను తోసే గెడ పట్టాడు. ఒక్కో తోపుకు కాస్తంత దూరం. పడవ కనబడేసరికి గవరయ్యకు ఓపిక నశించింది. వాడు చెరువులో ఈత నేర్చినవాడు. రాయి అంచుకు జరిగి ఒక కాలు కిందికి దింపాడు. కింద పారేది చెరువు కాదు.

దూకొద్దని జోగులు అరిచాడు. ఆ అరుపులో కోపమే వినబడింది. వాడు ఇంకా బెదిరి రెండో కాలూ దింపాడు. సీతాలు వాడి చొక్కా పట్టుకుని ఉంది. వాడు దూకితే ఆ పిల్లా పోతుంది.

లీదియా పడవ ముక్కు దగ్గర లేచి నిలబడింది. లాంతరును పిల్లల వైపు చాపలేదు. తన ముఖం పక్కన ఎత్తి పట్టుకుంది, వాళ్లకు తను కనబడాలని. గొంతు తరగతిలోలాగే వచ్చింది, అంత నెమ్మదిగానే.

"గవరయ్యా, ఇటు చూడు. నేను రేపు చెబుతానన్నాను. మీరు ముందే చూసేశారు. ఇప్పుడు నాకు మీరు చెప్పాలి. నీళ్లు ఎంతసేపు నిలిచాయి?"

వాడు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కానీ చూశాడు. కాలు అక్కడే ఆగింది.

జవాబు సీతాలు నుంచి వచ్చింది, పళ్లు టకటకలాడుతూ. "నిలబడినట్టు ఉండినాయి టీచరమ్మా. మేం సముద్రం వేపే సూత్తా ఉన్నాం. నీళ్లు ఎనకాతల నుంచి వచ్చేసినాయి."

"వెనక నుంచా. మొదట చూసినప్పుడు పాయలో ఎంత లోతుంది? గవరయ్యా, నువ్వు చెప్పు. నువ్వే పొడుగు."

"ఘుట్నే తక్," అన్నాడు వాడు. తర్వాత తెలుగులో, "మోకాలు దాకా."

"అప్పుడు ఏం చేశారు?"

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ముందు సీతాలు దిగిందని, అడుగు నిలవలేదని, వెనక్కి లాగానని. మాట తప్పిపోతే ఆమె మరో ప్రశ్న వేసేది. నీళ్లు వెచ్చగా ఉన్నాయా, చల్లగానా. అల ఎటు నుంచి వస్తోంది. చెప్పేదేమీ ఆమె చెవికెక్కడం లేదు. గెడ రాళ్లకు తగిలే చప్పుడునే లెక్కపెట్టుకుంటోంది. ఒక పెద్ద అల వచ్చి ఇద్దరినీ ఊపినప్పుడు, నన్నే చూడండి అని మాత్రం అంది. చూశారు. మరుక్షణం జోగులు చెయ్యి వాడి చొక్కాను అందుకుంది. ఇద్దరూ పడవలో పడ్డారు. అప్పటికి లీదియా కూలబడిపోయింది. లాంతరు జారి నీళ్లలో ఆరిపోయింది.

ఒడ్డున జనం చేరారు. గవరయ్య తల్లి ఏడుస్తూ వాణ్ణి కొట్టి, మళ్లీ కావలించుకుంది. జోగులు తన కండువాతో కూతురి తల తుడిచాడు. ఎవరు పొమ్మన్నారే అని అడిగితే ఆ పిల్ల ఎవరూ పొమ్మనలేదంది. లీదియా ముందుకు వచ్చి, తన మాట వల్లనే వెళ్లారని, పాఠం సగం చెప్పి ఆపానని, ఆ మిగతా సగంలోనే వెళ్లకూడదన్న సంగతి ఉందని చెప్పింది.

జోగులు కండువా పిండి ఆమె వైపు తిరిగాడు.

"ఆ సగం ఎందుకు దాసినావమ్మా?"

"రేపు బడికి ఆత్రంగా రావాలని."

అతను కసిరి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. కూతుర్ని భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు. జనం కూడా దారి ఇచ్చి, ఆమెతో మాట్లాడకుండా విడిపోయారు. బాలస్వామి వచ్చి ఆమె కాళ్లకు అంటిన రక్తం, బురద కడిగి ఇంటికి తీసుకెళ్లాడు.

మర్నాడు ఎనిమిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. సీతాలు రాలేదు, గవరయ్యా రాలేదు. హెడ్మాస్టరు ముందుగానే ఆమెను పిలిచి, పై అధికారులకు తను సర్ది చెప్పుకుంటానని, ఆమె మాత్రం ఇక పుస్తకం చదివి అర్థం చెబితే చాలని, ఆదివారం సంగతి ఎత్తినందుకు తనకే నొప్పిగా ఉందని అన్నాడు. నిద్రపోతే పోనివ్వండి, బతికి ఉంటారు, అన్నాడు.

లీదియా తరగతిలోకి వెళ్లి పుస్తకం తెరిచింది. బల్ల వైపు తిరిగింది. సుద్దముక్క చేతిలో ఉండగానే వెనక నుంచి చూస్తున్న కళ్లు తెలిశాయి. భయపడ్డ కళ్లు. వాళ్లకు తెలియాల్సింది ఇంకా తెలియలేదు. మళ్లీ పాటు వస్తుంది, మళ్లీ ఎవరో ఒకరు పోతారు. పిల్లల వైపు తిరిగి నిలబడింది. ఈసారి ముందు జవాబు చెప్పింది. నీళ్లు నిలిచినట్టు కనబడతాయే గానీ ఎంతోసేపు నిలవవు, వచ్చేటప్పుడు ముందు పాయ నిండుతుంది, దిబ్బ మీది మనిషికి తిరిగి వచ్చే దారి పోతుంది. ఇసుకను గట్టులా పోసి, మధ్యలో పల్లం చేసి, నీళ్లు ఒంపి చూపించింది. పల్లం ముందు నిండింది. మూడుసార్లు ఒంపించింది, పిల్లల చేతే. ఆ తర్వాతే ఎందుకో చెప్పింది. దాచుకున్నది ఏదీ లేదు. అయినా ఎవరూ కళ్లు తిప్పలేదు. గంట మోగే వేళకు చెప్పాల్సినది ఏదీ మిగల్లేదు. మిగలకుండా చూసుకోవడమే ఆ రోజు ఆమె పడ్డ కష్టం.

వారం తిరిగాక జోగులు సీతాలును తీసుకుని బడికి వచ్చాడు. పిల్లను బెంచీలో కూర్చోబెట్టి వెళ్లిపోలేదు. కిటికీ బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లీదియా ఆ కిటికీకి ముఖం చాటు చేయలేదు. అతనికి హిందీ పూర్తిగా రాదని తెలిసి, ముఖ్యమైన మాటను తెలుగులో కూడా అంది. గంట కొట్టగానే అతను వెళ్లిపోయాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నాలుగో రోజు రాలేదు. సీతాలు ఒక్కతే వచ్చింది. గవరయ్యా మళ్లీ బడికి వస్తున్నాడు.

తర్వాతి పున్నమికి ముందు లీదియా జోగులు గుడిసెకు వెళ్లింది. పిల్లలు ఎలాగూ ఆ రాయి వైపే చూస్తున్నారని, తను తీసుకెళ్లకపోతే వాళ్లంతట వాళ్లు పోతారని, పడవతో అతను పక్కన ఉంటేనే తీసుకెళ్తానని చెప్పింది. లేకపోతే లేదంది. అతను వలముడి వేస్తూ విన్నాడు.

"నీళ్లు ఇంకా దిగుతుండగానే తిరిగి వచ్చేయాల," అన్నాడు.

"మీరు చెప్పినప్పుడు," అంది ఆమె.

హెడ్మాస్టరు మొదట ఒప్పుకోలేదు. తర్వాత తనూ వస్తానన్నాడు. తీరా వచ్చి, పంచె పైకి కట్టి పిల్లల వెంట నడిచాడు.

ఇసుక చివరికి వచ్చేసరికి గవరయ్య ఆగిపోయాడు. ఎవరు పిలిచినా అడుగు వేయలేదు. మొండికేసి ఉన్నాడే గానీ ఏడవడం లేదు. ఆ రాయి దగ్గర ఏమేం చెప్పాలో లీదియా రాత్రంతా అనుకుని వచ్చింది. దిబ్బ వైపు ఒకసారి చూసి, హెడ్మాస్టరును వెళ్లమని చెయ్యి ఊపి, వాడి పక్కన ఇసుకలో కూర్చుండిపోయింది.

పాయ పక్కన పడవ కట్టి ఉంచి నడుస్తున్న జోగులు వెనకాల పిల్లలు వరసగా వెళ్లారు. రాయికి చాలా ఇవతలే అతను అందరినీ ఆపాడు. అక్కడ సీతాలు వాళ్లకు ఎదురుగా నిలబడి ఏదో చెబుతోంది. ఇంత దూరానికి మాట వినబడదు. చెయ్యి వెనక్కి తిప్పి పాయను చూపిస్తోంది, తర్వాత నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తోంది. తలలన్నీ ఆ పిల్ల వైపే తిరిగి ఉన్నాయి.

"ఎంతమంది వెళ్లారు టీచర్?" అన్నాడు గవరయ్య.

ఆమె చెప్పింది. కాసేపటికి జోగులు చెయ్యెత్తాడు. పిల్లలు తడి రాళ్ల మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ తిరిగి రావడం మొదలుపెట్టారు. గవరయ్య లేచి నిలబడి, ఒక్కొక్కరు ఇసుక మీదికి ఎక్కుతుంటే వేలు మడుస్తూ పైకే లెక్కపెట్టాడు. చివర హెడ్మాస్టరును కూడా కలిపాడు. లెక్క సరిపోయాక సంచి భుజాన వేసుకుని ఇంటి దారి పట్టాడు.